చైల్: పటియాలా రాజుల కొండ మీద బస

సిమ్లా వెళ్లేవాళ్లలో చాలామంది చైల్‌ని ఒక పూటలో చుట్టేస్తారు. పొద్దున్న కుఫ్రీలో గుర్రాలు, మధ్యాహ్నం చైల్ ప్యాలెస్ ముందు ఫొటోలు, చీకటి పడేసరికి మళ్లీ మాల్ రోడ్డు. మేం ఆ వరస తిరగేశాం. బస చైల్‌లో పెట్టుకుని సిమ్లాకి ఒక్క పూట వెళ్లొచ్చాం. నాన్నగారి మోకాళ్లకీ, పిల్లల ఓపికకీ అదే మేలైంది.

హైదరాబాద్ నుంచి చండీగఢ్ వరకు విమానం, అక్కడి నుంచి టాక్సీ. సోలన్ దాటాక కందాఘాట్‌లో హైవే వదిలేస్తే చైల్ ఇంకో 29 కిలోమీటర్లు. దారిలో సాధుపుల్ దగ్గర వాగులోనే కుర్చీలు, బల్లలు వేసి టీ, మ్యాగీ అమ్ముతారు. కాళ్లు చల్లటి నీళ్లలో పెట్టుకుని తింటుంటే పిల్లలు కదలమన్నా కదలరు. మ్యాగీ రుచి మామూలే, మీరు డబ్బు పెట్టేది ఆ నీళ్లకి. అక్కడి నుంచి రోడ్డు సన్నబడి దేవదారు చెట్ల మధ్యకి పోతుంది. మలుపులు గట్టివే, వాంతుల మాత్ర ముందే వేసుకోండి.

టాక్సీ మాట్లాడుకునేటప్పుడు ‘సిమ్లా వైపు’ అని ఊరుకోకుండా ‘చైల్ దాకా’ అని మెసేజ్‌లో రాయించుకోండి. మా డ్రైవర్ కందాఘాట్‌లో బండి ఆపి, చైల్ రోడ్డుకి రేటు వేరని పేచీ పెట్టాడు. కొంత ఇచ్చి కదిలాం. టైముకి తొందర లేనివాళ్లు కల్కాలో చిన్న రైలెక్కి కందాఘాట్‌లో దిగి, అక్కడ టాక్సీ తీసుకోవచ్చు. 1903లో మొదలైన ఆ లైను 2008లో యునెస్కో జాబితాలో చేరింది. చివరిదాకా వెళ్తే 96 కిలోమీటర్లు. సగం దారి ప్రయాణంతోనే సరదా తీరుతుంది.

ఇక ఈ ఊరి కథ. సిమ్లాలో బ్రిటిష్ సైన్యాధిపతి కిచెనర్ కూతుర్ని పటియాలా మహారాజా భూపిందర్ సింగ్ ఎత్తుకెళ్లాడని, దాంతో ఆయన్ని సిమ్లాలో అడుగు పెట్టనివ్వలేదని, ఆ పౌరుషంతో సిమ్లాకి ఎదురుగా చైల్‌ని కట్టించాడని డ్రైవర్ నుంచి టీకొట్టు ఆయన దాకా అందరూ చెబుతారు. వినడానికి భలే ఉంటుంది. లెక్కే కుదరదు. భూపిందర్ పుట్టింది 1891లో, కిచెనర్ సైన్యాధిపతిగా ఇండియాకి వచ్చింది 1902లో. పదకొండేళ్ల పిల్లాడు ఎవర్ని ఎత్తుకెళ్తాడు? పైగా కిచెనర్‌కి పెళ్లే కాలేదు. అసలు పేచీ తండ్రి రాజిందర్ సింగ్‌ది అయి ఉండాలని నా అనుమానం. 1893లో ఆయన ఫ్లోరెన్స్ బ్రయాన్ అనే తెల్లమ్మాయిని పెళ్లాడాడు, అది దొరలకి మింగుడుపడలేదు. ఆ కథకే కొడుకు పేరు అతికించి ఉంటారు.

చైల్ క్రికెట్ మైదానం కూడా 1893 నాటిదే అంటారు. అప్పటికి భూపిందర్‌కి రెండేళ్లు. కొండ నెత్తిని చదును చేసి, 2,444 మీటర్ల ఎత్తున వేసిన ఈ మైదానాన్ని ప్రపంచంలోనే ఎత్తైనదని చెప్పుకుంటారు. ఇప్పుడది మిలిటరీ స్కూలు చేతిలో ఉంది. కంచె బయట నుంచే చూడాలి. పిల్లలకి రెండు నిమిషాల్లో విసుగొచ్చింది. నాన్నగారు మాత్రం కంచె పట్టుకుని కదల్లేదు.

మాది విజయనగరం. మా ఇంట్లో పటియాలా పేరెత్తితే వెనకే విజ్జీ పేరు రావాల్సిందే. 1911లో ఇంగ్లండ్ వెళ్లిన తొలి భారత జట్టుకి భూపిందర్ సింగ్ కెప్టెన్. 1930ల్లో క్రికెట్ పెత్తనం కోసం ఆయనకీ, మా విజయనగరం మహారాజ్‌కుమార్ విజ్జీకీ గట్టి పోటీ నడిచింది. రంజీ ట్రోఫీ పోటీలకి 1934లో బోర్డు నిర్ణయం జరిగింది ఈ పక్కనున్న సిమ్లాలోనే, కప్పు ఇచ్చింది భూపిందర్. దానికి పోటీగా వైస్రాయ్ విల్లింగ్డన్ పేరు మీద కప్పు పెట్టించాలని విజ్జీ చేయని ప్రయత్నం లేదు. 1936లో ఇంగ్లండ్ టూర్ కెప్టెన్సీ విజ్జీకే దక్కింది, ఆ టూర్ మధ్యలోనే జట్టు ఆటగాడు లాలా అమర్‌నాథ్‌ని ఇంటికి పంపించేశారు. ఇదంతా నాన్నగారు ఆ కంచె దగ్గర నిలబడి, విజ్జీని వెనకేసుకొస్తూ చెప్పారు. “ఊరివాడని కాదురా, పట్టుదల చూడు” అన్నారు. కెప్టెన్సీ సంగతి ఎత్తితే మాట మార్చేశారు!

బస గురించి వివరంగా చెబుతా. మొదట బజారుకి కాస్త దిగువన ఒక ప్రైవేటు హోటల్లో దిగాం. ఆన్‌లైన్‌లో ‘వ్యాలీ వ్యూ’ అన్నారు. కిటికీ తీస్తే పక్క బిల్డింగ్ నీళ్ల ట్యాంకులు. వేడినీళ్లు పొద్దున్న కాసేపే, హీటర్‌కి విడిగా డబ్బు. అడిగితే రిసెప్షన్ కుర్రాడు నవ్వి, “పైన టెర్రస్ ఎక్కితే వ్యాలీ కనిపిస్తుంది సార్” అన్నాడు. అది నిజమే.

ఆ తర్వాత ప్యాలెస్‌కి మారాం. 1972 నుంచి దీన్ని హిమాచల్ టూరిజం వాళ్లు హోటల్‌గా నడుపుతున్నారు. మెయిన్ బిల్డింగులో గదులున్నాయి, చెట్ల మధ్య కాటేజీలు, చెక్క ఇళ్లూ ఉన్నాయి. రాజసం అంటే పాత కుర్చీలు, పటాలు ఉన్న హాలు, ముందున్న పెద్ద పచ్చిక. గదిలో రాజభోగం వెతక్కండి. బస చేయనివాళ్లు టికెట్ కొని లోపలికి రావచ్చు, కాబట్టి పగలంతా పచ్చిక మా ఊరి పైడితల్లి సిరిమానోత్సవంలా ఉంటుంది. సాయంత్రం వాళ్లు వెళ్లిపోయాకే ఇక్కడ ఉన్నందుకు ఫలితం దక్కేది. ఎదుటి కొండల మీద సిమ్లా దీపాలు, ఇంకోవైపు కసౌలీ దీపాలు. ఒక్క రాత్రికి ఆ ఖర్చు పెట్టొచ్చు, వరసగా ఎక్కువ రాత్రులైతే బడ్జెట్‌కి దెబ్బ. పెద్దవాళ్లుంటే మెయిన్ బిల్డింగే అడగండి. కాటేజీ నుంచి డైనింగ్ హాలుకి నడవాలి, రాత్రి చలిలో అది వాళ్లకి కష్టం.

తిండికి ఇబ్బంది లేదు. రాజ్మా అన్నం, కఢీ, పరాఠా అన్నిచోట్లా దొరుకుతాయి. బజార్లో ఒక చిన్న దుకాణంలో తిన్న సిడ్డు మాత్రం మర్చిపోలేను. పులియబెట్టిన గోధుమపిండిలో ముద్ద కూరి ఆవిరి మీద ఉడికించి, పైన నెయ్యి గుమ్మరిస్తారు. పెరుగన్నం లేకపోతే నిద్రపట్టనివాళ్లు అన్నం, పెరుగు విడివిడిగా చెప్పి కలుపుకోవచ్చు. ఆవకాయ మాత్రం ఇంటి నుంచే.

కాళీ టిబ్బా గుడికి పొద్దున్నే వెళ్లండి. కాసేపయితే పొగమంచు కమ్ముకుంటుంది. ఆకాశం తేటగా ఉంటే చూడ్‌చాందనీ శిఖరం కనిపిస్తుంది. ఇక్కడి చైల్ అభయారణ్యం మీద ఆశలు పెట్టుకోవద్దు, మాకు కొండముచ్చులు తప్ప ఏమీ కనపడలేదు. చేతిలో చిప్స్ ప్యాకెట్ ఉంటే కోతులు లాక్కుపోతాయి.

జులై, ఆగస్టుల్లో ఈ రోడ్ల మీద కొండచరియలు విరిగిపడతాయి, ఆ నెలలు వద్దు. మంచు కావాలంటే జనవరి, లేదంటే ఏప్రిల్ లేదా అక్టోబర్. ప్యాలెస్‌లో శని, ఆదివారాలు త్వరగా నిండిపోతాయి. సోమ, మంగళవారాలకి పెట్టుకుంటే మెయిన్ బిల్డింగులో గది దొరికే అవకాశం ఎక్కువ, పచ్చిక మీద గోల కూడా తక్కువ.