కాలువ పని ప్రోగ్రామ్: పని బాగా నేర్పారు, డబ్బులే నానబెట్టారు

రేటింగ్ ముందే చెప్పేస్తా. పని నేర్పడంలో ఐదుకి నాలుగున్నర, డబ్బులివ్వడంలో ఒకటి. బెజవాడలో ఒక స్వచ్ఛంద సంస్థ కాలేజీ కుర్రాళ్లతో వేసవిలో కాలువ శుభ్రం చేయిస్తుంది, వానలు పడ్డాక మొక్కలు పెంచే పని ఇస్తుంది, స్టైపెండ్ కూడా ఉంటుందంటే మా తమ్ముడు చేరాడు. పేరు కావాలంటే విడిగా అడగండి.

డెల్టా కాలువలు కట్టేసే రోజులు చూసి పని పెట్టడం నాకు నచ్చింది. బ్యారేజీ నుంచి నీళ్లు ఆపాక రైవస్ కాలువైనా బందరు కాలువైనా అడుగు బయటపడుతుంది, మడుగుల్లో గుర్రపు డెక్క మాత్రం మిగులుతుంది, అప్పుడే తీసేయకపోతే మళ్లీ నీళ్లు వదిలాక కొట్టుకెళ్లి తూముల దగ్గర అడ్డం పడుతుంది. అదెలా తీయాలో చూపించడానికి ఒక పెద్దాయన్ని మేస్త్రీగా పెట్టారు. నిజానికి ప్రోగ్రామ్ అంతా ఆయన మీదే నడుస్తోంది. "ఒరేయ్ అబ్బాయ్, వేరుతో సహా లాగు, సగం తెంపితే మళ్లీ పిలకలేస్తుంది" అని వెనకే నిలబడి చెప్తాడట. తీసింది గట్టు అంచున పడేస్తే ఊరుకోడు, దూరంగా మోయించి ఎండబెట్టిస్తాడు. తడి డెక్క ఎంత బరువుంటుందో మోస్తేగానీ తెలియదు! మనవాళ్లు కాలువలో వదిలేసిన దేవుడి పటాలు దొరికితే బూట్లతో ముట్టుకోవడానికి పిల్లలు వెనకాడారట, ఆయనే కూర్చుని అద్దం విడిగా, ఫ్రేమ్ విడిగా ఊడదీసి చూపించాడు. గ్లవ్స్ మాత్రం నాసిరకం, సొంతవి కొనుక్కోండి.

తర్వాత నర్సరీలో తెల్ల పొణికి మొక్కలు. కొండపల్లి బొమ్మలు చేసేది ఈ కర్రతోనే, చెట్లేమో తగ్గిపోయాయి. గింజ పెంకు గట్టిది, అంత తేలిగ్గా మొలవదు, అందుకని మొలిచిన ప్రతి కవరుకీ తేదీ రాసి లెక్క పెట్టే పని మావాడికిచ్చారు. ఇంట్లో పాలప్యాకెట్ తెమ్మంటే విసుక్కునేవాడు ఆదివారం కూడా నీళ్లు పోయాలని వెళ్లాడంటే నమ్మండి. మొక్క నాటి, ఫొటో దిగి, ఫ్లెక్సీ చుట్టుకుని వెళ్లిపోయే కార్యక్రమాలు మన దగ్గర కొదవా? ఇది ఆ టైపు కాదు.

ఇక స్టైపెండ్. నెలాఖరుకి అన్నారు, తర్వాత ఫండ్స్ రాలేదన్నారు, ఫోన్ చేస్తే "సర్టిఫికెట్ ఇస్తాం కదండీ" అంటారు. మావాడికి ఇంట్లో తిండికి లోటు లేదు కాబట్టి ఆగాడు. వాడితో చేరిన ఇంకో కుర్రాడు, పనిలో అందరికంటే చురుకైనవాడట, ఆటోనగర్‌లో షెడ్డు పనికి వెళ్లిపోయాడు. వాణ్ణేమంటాం? యువతకి అవకాశం అని పెద్ద అక్షరాలతో రాసుకున్నప్పుడు, జేబులో డబ్బున్న ఇళ్ల పిల్లలే మిగిలేలా నడిపితే ఎలా? చివరికి డబ్బులొచ్చాయి, వానాకాలం సగం అయ్యాక.

పిల్లల్ని పంపించండి, కానీ డబ్బు ఎప్పుడిస్తారో కాగితం మీద రాయించుకోండి. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ ఉన్నవాళ్లు సెలవు సంగతి కూడా ముందే మాట్లాడుకోవాలి, మధ్యలో అడిగితే అంత తేలిగ్గా ఇవ్వరు.