వరంగల్ ఆటోనగర్‌లో నా పాత థార్ ముందు ఎత్తు సరిచేయించాను

నాది 2014 నాటి మహీంద్రా థార్, ఫోర్ వీల్ డ్రైవ్ బండి. ఖానాపురం దాటాక పాకాల వైపు మాకు మిర్చి తోట ఉంది. వానాకాలంలో ఆ నల్లరేగడి బాటలో ట్రాక్టర్ కాకుండా లోపలిదాకా వెళ్లేది ఇదొక్కటే. పదేళ్లకు పైగా ఆ బాటలో, ఆ బరువులతో తిరిగాక ముందు భాగం కుంగింది. కుడివైపు ఇంకాస్త ఎక్కువ, ఎందుకంటే నేను ఒక్కడినే నడిపే రోజులే ఎక్కువ. కాలువ గట్టు దిగేటప్పుడు బంపర్ కింది అంచు మట్టిని గీరుకుంటూ పోయేది.

కిందటి దసరాకు ముందు ఒకచోట చూపించాను. పావుగంటలో పని ముగించారు. ముందు భాగాన్ని వెనుకతో సమానంగా లేపి అప్పగించారు. చూడటానికి ఠీవిగా ఉంది, నేనూ సంతోషపడ్డాను. నర్సంపేట చేరేలోపే తేడా తెలిసింది. చిన్న గుంతలో చక్రం దిగినా కింద సుత్తితో కొట్టినట్టు ఠక్కుమనేది. రెండు నెలలు గడిచాక ఒక రోజు ముందు టైరు మీద అరచేయి పెట్టి అడ్డంగా రాశాను. లోపలి నుంచి బయటికి రాస్తే నున్నగా ఉంది, బయటి నుంచి లోపలికి రాస్తే రంపపు పళ్లలా గుచ్చుకుంది. పనిలో పనిగా చక్రం వెనక్కి తొంగి చూస్తే రిమ్ము లోపలంతా నల్లటి గ్రీజు చిమ్మి ఉంది. ఆక్సిల్ కీలులోని గ్రీజును కాపాడే రబ్బరు తొడుగు, అంటే బూటు, చిరిగిపోయింది.

ఎందుకిలా అయిందో తెలుసుకోవాలంటే ఆ బండి ముందు భాగం ఎలా పనిచేస్తుందో తెలియాలి. నా పాత థార్‌కు ముందు స్ప్రింగు చుట్ట ఉండదు, టార్షన్ బార్ అనే పొడవాటి ఉక్కు కడ్డీ ఉంటుంది. ఒక కొన చక్రాన్ని మోసే ఆర్మ్‌కు, ఇంకో కొన ఛాసిస్‌కు, అంటే బండి చట్రానికి. చక్రం లేచినప్పుడల్లా కడ్డీ మెలితిరుగుతుంది, ఆ మెలికే బండిని మోస్తుంది. ఛాసిస్ వైపు కొన దగ్గర ఒక బోల్టు ఉంటుంది. దాన్ని బిగిస్తే బండి లేస్తుంది, వదిలితే దిగుతుంది. ఇంత సులువు కాబట్టే ప్రమాదం. ఎత్తు ఊరికే రాదు, చక్రం కిందికి జారడానికి ఉన్న చోటులోంచి వస్తుంది. మరీ లేపితే గుంత వచ్చినప్పుడు చక్రం దిగడానికి చోటు మిగలదు, ఆర్మ్ వెళ్లి రబ్బరు అడ్డుకు తగులుతుంది. నేను విన్న ఠక్కు అదే. ఆక్సిల్ కూడా ఏటవాలుగా తిరగాల్సి వస్తుంది, బూటు మడతలు ఒరుసుకుని చిరుగుతాయి.

తెలిసిన లారీ డ్రైవర్ ఒకాయన ఆటోనగర్‌లో ఈ షెడ్డు చూపించాడు. బోర్డు లేదు. వేపచెట్టు కింద రేకుల షెడ్డు, మేస్త్రీ వయసు అరవై దాటి ఉంటుంది. అందరూ భాయ్ అనే పిలుస్తారు, నేనూ అలాగే పిలిచాను.

ఆయన ముందుగా పానా ముట్టుకోలేదు, టేపు తీశారు. నన్ను డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి చక్రం నడిమధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా నాలుగు వైపులా కొలిచి, సుద్దముక్కతో తలుపు మీదే రాశారు. నేల నుంచి కొలిస్తే టైరులో గాలి తేడా కూడా లెక్కలోకి వస్తుందని చెప్పారు. కుడివైపు ఎడమ కంటే 11 మి.మీ. ఎక్కువ ఉంది. అంటే మునుపటి చోట రెండు బోల్టులనూ కంటి అంచనాతోనే తిప్పారన్నమాట.

తర్వాత జాకీ ఎత్తి చక్రాలు పట్టుకుని ఊపి చూశారు. చక్రం దగ్గరి కీళ్లు, అంటే బాల్ జాయింట్లు బాగున్నాయి, కింది ఆర్మ్ కీళ్లలోని రబ్బరు బుష్‌లు అరిగిపోయాయి. “బుష్ పోయినా బండి కుంగుతుందన్నా. అది మార్చకుండా బోల్టు తిప్పితే ఏం లాభం?” అన్నారు. ఆ మాటతో నాకు ఆయన మీద గురి కుదిరింది.

“వెనుక ఎంత బరువు వేస్తారన్నా?” అని అడిగారు. నాలుగు డీఏపీ బస్తాలు అన్నాను, అంటే 200 కిలోలు. పక్క దుకాణం నుంచి నాలుగు సిమెంటు బస్తాలు తెప్పించి వెనుక పెట్టించారు. వెనుక బరువు మోసే కమాన్ కట్టలు 34 మి.మీ. కుంగాయి. అప్పుడు తేల్చి చెప్పారు: ఖాళీ బండికి వెనుక భాగం 30 మి.మీ. ఎత్తుగానే ఉండాలి, బరువు పడ్డాక దాదాపు సమం అవుతుంది. ఖాళీ బండినే సమం చేస్తే బరువు వేసిన రోజు ముక్కు పైకి లేస్తుంది, హెడ్‌లైట్లు ఎదుటివాడి కళ్లలోకి కొడతాయి. ములుగు రోడ్డు మీద రాత్రిపూట అలాంటి బండ్లు ఎదురై ఎన్నిసార్లు పక్కకు ఆపుకున్నానో నాకు తెలుసు. ఇన్నాళ్లూ నేనూ అదే చేస్తున్నానని ఆ రోజు అర్థమై నిజంగా బాధ కలిగింది.

ఇక అసలు పని. బోల్టు మరలను ఇనుప బ్రష్‌తో తోమి, నూనె కొట్టి, బయటికి ఎన్ని మరలు కనిపిస్తున్నాయో లెక్కపెట్టి పసుపు రంగుతో గుర్తు పెట్టారు. చక్రం గాలిలో ఉంచి, కడ్డీ మీద భారం తగ్గాకే పానా వేశారు. భారం మీద తిప్పితే మరలు తెగుతాయట. దించిన తర్వాత వెంటనే కొలవలేదు. బండిని సందులో ముందుకు ఓసారి, వెనక్కి ఓసారి నెట్టించి, బానెట్ మీద రెండు చేతులతో నాలుగుసార్లు నొక్కి, అప్పుడు టేపు పెట్టారు. జాకీ దిగగానే టైర్లు నేలను పట్టుకుని బండిని అలాగే ఎత్తుగా నిలిపి ఉంచుతాయి, ఆ కొలత అబద్ధం. ఇలా అయిదుసార్లు చేశాక కుడిఎడమల తేడా 2 మి.మీ.కు వచ్చింది.

చక్రాలు సరైన కోణంలో ఉన్నాయో లేదో చూసే అలైన్‌మెంట్ యంత్రం ఆయన దగ్గర లేదు. అదే వీధిలో ఇంకో చోటికి బండిలో నాతోపాటు వచ్చి, కొలతల కాగితం చేతికి వచ్చేదాకా నిలబడ్డారు. ఎత్తు మారిందంటే చక్రాల వాలు, ముందు అంచుల దూరం రెండూ మారతాయి. నా టైర్లను తిన్నది ఆ పని వదిలేయడమే.

బుష్‌లు, రెండు బూట్లు, గ్రీజు, కూలి, అలైన్‌మెంట్ అన్నీ కలిపి 7,400 రూపాయలు. టైర్ల నష్టం వేరే. అసౌకర్యాలూ చెప్పాలి. ఉదయం తొమ్మిదికి ఇస్తే సాయంత్రం అయిదు దాటింది. కూర్చోవడానికి నీడ తప్ప ఏమీ లేదు. బిల్లు నోటుపుస్తకం కాగితమే. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళకు పని ఆగుతుంది, ఆ రోజు వెళ్లకండి. 2020లో వచ్చిన కొత్త థార్‌కు ముందు కాయిల్ స్ప్రింగులు, తిప్పడానికి ఈ బోల్టు ఉండదు, కాబట్టి ఆ బండి ఉన్నవాళ్లకు ఈ లెక్క వర్తించదు.

తర్వాత ఇంటిల్లిపాదీ మేడారం వెళ్లి వచ్చాం. తాడ్వాయి అడవి దారిలో ఒక్కసారి కూడా ఆ ఠక్కు వినిపించలేదు. ఐదువందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ రమ్మన్నారు, కడ్డీ కాస్త సర్దుకుంటుందని. నిన్న ఇంటి ముందు నేనే టేపు పెట్టాను. కుడివైపు 3 మి.మీ. దిగింది. తలుపు మీది సుద్ద గీతలు ఇంకా తుడవలేదు, ఆదివారం వాటితోనే వెళ్తున్నాను.