ఎర్రగరుసు నేలలో మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ 800

జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు చేలల్లో తొలకరికి వజ్రాలు వెతికేందుకు లోహాలను పసిగట్టి మోగే ఈ మిషన్ కొనాలనుకునేవాళ్లకు ముందే ఒక మాట. వజ్రం లోహం కాదు. ఎంత ఖరీదైన డిటెక్టరైనా దాని మీద కిక్కురుమనదు. చేలో జారిపోయిన కమ్మ, సాళ్లలో విరిగిపడిన కర్రు ముక్క, మట్టిలో పూడిపోయిన పైపు వాల్వు లాంటివి వెతకడానికైతే పనికొస్తుంది. అయితే పెట్టెలోంచి తీసి ఆన్ చేసిన సెట్టింగులతోనే అనంతపురం గరుసులోకి దిగితే అడుగడుగునా మోగి విసిగిస్తుంది.

తప్పు మిషన్‌ది కాదు, నేలది. మట్టి ఎర్రగా ఉన్నంత మాత్రాన ఇబ్బంది లేదు. అసలు చిక్కు మాగ్నటైట్, మాగ్‌హెమైట్ అనే అయస్కాంత ఖనిజాలతో. డోలరైట్ నల్లరాళ్ల వరసలు ఉన్నచోట, ఇనుప రాళ్లు దొర్లే రాయదుర్గం వైపు ఇవి ఎక్కువ. కొనేముందే తేల్చుకోవడానికి చవకైన పద్ధతి ఉంది. పాత స్పీకర్ అయస్కాంతాన్ని పాలిథీన్ కవర్లో పెట్టి, పొడి మట్టిలో నాలుగడుగులు ఈడ్చండి. కవర్‌కు నల్లటి పొడి గడ్డంలా వేలాడితే ఆ చేను కష్టమైనదే.

మొదట చేయాల్సింది గ్రౌండ్ బ్యాలెన్స్, అంటే నేల మోతను పట్టించుకోకుండా మిషన్‌ను సర్దడం. పార్క్, ఫీల్డ్, బీచ్ మోడ్‌లలో ఇది ఫ్యాక్టరీ నుంచి సున్నా మీదే వస్తుంది, మన నేలకు అది చాలదు. లోహం లేని జాగా చూసుకుని, సెట్టింగ్స్‌లో గ్రౌండ్ బ్యాలెన్స్‌కు వెళ్లి, అక్కడి అంగీకార బటన్ నొక్కిపట్టి కాయిల్‌ను (కర్ర చివరి గుండ్రటి పళ్లాన్ని) నేలకు దగ్గరగా పైకీ కిందికీ ఆడించండి. మోత బాగా తగ్గాక వదిలేయండి. ఎర్రనేల దాటి రేగడిలోకో చౌడులోకో అడుగుపెడితే మళ్లీ మొదటి నుంచి చేయాలి. చౌడులో ఉప్పు తడిసి కరెంటు పారనిస్తుంది కాబట్టి దాని తీరు ఇనుప ఖనిజానికి వేరు. నేల మారేకొద్దీ తనే సర్దుకునే ట్రాకింగ్ ఆన్ చేసుకుంటే ఈ శ్రమ లేదనిపిస్తుంది గానీ, సన్నటి వస్తువు మీద నాలుగైదుసార్లు ఊపారంటే మిషన్ దాన్నీ నేలలో భాగం చేసుకుని మింగేస్తుంది. అనుమానం వచ్చినచోట ట్రాకింగ్ ఆపాలి.

తర్వాత నాయిస్ క్యాన్సిల్, అంటే కరెంటు తీగల్లాంటి బయటి గోలను తగ్గించడం. కాయిల్‌ను కదపకుండా పట్టుకుని చేయాలి. బోరు మోటార్లకు త్రీఫేజ్ వచ్చే వేళ స్టార్టర్ పెట్టెల దగ్గర, 11 కేవీ లైన్ల కింద ఇది చేసినా గోల పూర్తిగా పోదు, కరెంటు పోయే వేళ చూసుకుని వెళ్లడం మేలు. జేబులో ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి.

సెన్సిటివిటీ 25 దాకా ఉంటుంది, ఇచ్చేది 20లో. దాన్ని పెంచితే లోతు పెరుగుతుందనుకోవడం ఇలాంటి నేలలో తిరగబడుతుంది, ఎందుకంటే పెరిగేది నేల మోతే. నిశ్శబ్దం వచ్చేదాకా ఒక్కొక్క అంకె దించండి, 15కి వచ్చినా కంగారుపడొద్దు. రికవరీ స్పీడ్ (ఒక మోత తర్వాత ఇంకోదానికి మిషన్ తేరుకునే వేగం) 6 దగ్గర ఉంచితే రాళ్ల మధ్య మోతలు విడివిడిగా వినిపిస్తాయి. ఒకేసారి పలు ఫ్రీక్వెన్సీలు పంపే మల్టీ ఫ్రీక్వెన్సీనే వాడండి. గోల్డ్ మోడ్‌లో 40 కిలోహెర్ట్జ్ చిన్న రవ్వలకు చురుకే గానీ, గరుసులో ప్రతి రాయికీ స్పందిస్తుంది.

పరీక్షకు రూపాయి బిళ్ళ పాతిపెట్టొద్దు. 1992 తర్వాతివి ఫెర్రిటిక్ స్టీలు, అయస్కాంతానికి అతుక్కుంటాయి, తెర మీద లోహం రకం చెప్పే అంకెలు గంతులేస్తాయి. పసుపురంగు 5 రూపాయల బిళ్ళ తీసుకుని 10 సెంటీమీటర్ల లోతున పెట్టి చూడండి. లోతు పెంచుకుంటూ పోతే పైకి చక్కటి సంఖ్య చూపిన వస్తువే కిందికి పోయేకొద్దీ ఇనుమని చెప్పడం మొదలవుతుంది. ఖనిజం ఎక్కువైన నేల అంకెలను ఇనుము వైపు లాగేస్తుంది. అందుకే గుర్రపునాడా బటన్ నొక్కి అన్ని లోహాలకూ మోగనిచ్చి, చెవితో విని తవ్వాలి. ఇనుమని కొట్టిపారేసే సెట్టింగులతో నడిస్తే ఇక్కడ మంచివే ముందు పోతాయి.

రాయి మోతా, లోహం మోతా తేల్చేదెట్లా? మోగినచోట 90 డిగ్రీలు పక్కకు తిరిగి మళ్లీ ఊపండి. లోహమైతే అదే బిందువులో మోగుతుంది, నేల మోత సాగి పక్కకు జరుగుతుంది. కాయిల్‌ను వేలెడంత ఎత్తితే రాతి మోత చప్పున ఆగిపోతుంది. అప్పటికీ తేలకపోతే పారతో రెండు అంగుళాల పైమట్టి గీకి మళ్లీ చూడండి. ఎండిన రేగడిలో నెర్రెలు, పశువుల గిట్టల గుంతలు కూడా ఇలాగే మోసం చేస్తాయి. ఊపు నేలకు సమాంతరంగా, 2 సెంటీమీటర్ల ఎత్తులో, ఎడమ నుంచి కుడికి పోయి రావడానికి మూడు సెకన్లు పట్టేలా ఉండాలి. చివర్లో కాయిల్ లేవకూడదు.

మిషన్‌తో వచ్చే 11 అంగుళాల కాయిల్ ఒక్కసారే ఎక్కువ మట్టిని చూస్తుంది కాబట్టి మోతా ఎక్కువే. విడిగా అమ్మే 6 అంగుళాలది గరుసులో ప్రశాంతంగా ఉంటుంది, గట్టు అంచుల్లో, కంచెల పక్కన కూడా దూరుతుంది. మన ప్రాంతంలో కొనేవాళ్లు దాన్నీ ఖర్చులో కలుపుకుని లెక్కేసుకోవాలి. పెద్ద కాయిల్ జోలికి పోనక్కర్లేదు. ఇనుప రాళ్లు ఒత్తుగా ఉన్నచోట ఎన్ని సెట్టింగులు మార్చినా ఈ తరహా మిషన్‌కు ఒక హద్దుంది. అక్కడ పల్స్ ఇండక్షన్ (ఆగి ఆగి కరెంటు పోట్లు పంపే) రకమే తట్టుకుంటుంది, కాకపోతే ఇనుప ముక్కలన్నింటికీ మోగి తవ్విస్తుంది.

పట్టుకెళ్లే చోటు కూడా చూసుకోండి. ఎర్రగుడి అశోక శాసనాలు, గుత్తి కోట, గండికోట పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి, అక్కడ తవ్వకం కేసే. ఇతర చోట్ల దొరికిన నిధి విలువ 10 రూపాయలు దాటితే 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలియజేయాలి. సొంత చేలో తప్పిపోయిన సొంత కమ్మకు ఈ గొడవ లేదు.