స్పాట్ వెల్డర్ టైమర్ బోర్డు కొనేవాళ్లు జాగ్రత్త: ట్రయాక్ నంబరు చూడకుండా డబ్బు కట్టొద్దు

మైక్రోవేవ్ ట్రాన్స్‌ఫార్మర్‌తో స్పాట్ వెల్డర్ (రేకులను ఒక చుక్క దగ్గర కరెంటుతో వేడిచేసి అతికించేది) కట్టుకుంటున్నవాళ్లు ఆర్డర్ పెట్టే ముందు ఇది చదవండి. సెల్లర్ పేరు రాయడం లేదు. "రెడీమేడ్ మైక్రోకంట్రోలర్ టైమర్, 40 ఆంపియర్ల ట్రయాక్" అన్న ప్రకటన మీలో చాలామంది చూసే ఉంటారు. ట్రయాక్ అంటే ట్రాన్స్‌ఫార్మర్‌కి వెళ్లే మెయిన్స్ కరెంటును ఆన్, ఆఫ్ చేసే ఎలక్ట్రానిక్ స్విచ్.

బ్యాటరీ పనికి టైమర్ కావాలన్నది నిజమే. 0.15 మి.మీ. నికెల్ స్ట్రిప్‌ను 18650 లిథియం సెల్‌కి అతికించాలంటే పల్స్ (ఒక్క విడత కరెంటు) కొన్ని పదుల మిల్లీసెకన్లలో ముగియాలి. 50 హెర్ట్జ్‌లో ఒక సైకిలే 20 మిల్లీసెకన్లు. ఫుట్ స్విచ్‌ను ఎంత చురుగ్గా తొక్కి వదిలినా ప్రతిసారీ ఒకే కొలత రాదు. అందుకే బోర్డు తెప్పించాను.

పవర్ ఇవ్వగానే, బటన్ ముట్టుకోకుండానే ఒక పల్స్ కొట్టింది. ఆ తర్వాత వెల్డింగ్ మధ్యలో ట్రయాక్ షార్టయింది. కరెంటు ఆగలేదు. స్ట్రిప్ ఎర్రగా కాలి తెగిపోయింది, ప్లగ్ పీకితే గానీ ట్రాన్స్‌ఫార్మర్ మోత ఆగలేదు. ఎలక్ట్రోడ్ల కింద ఉన్నది లిథియం సెల్!

బోర్డు విప్పి చూస్తే ఒళ్లు మండిపోయింది. బీటీఏ41 (40 ఆంపియర్ల ట్రయాక్) అన్నచోట టీఓ-220 అనే చిన్న ప్యాకేజీ సైజు ట్రయాక్ ఉంది, పైన నంబరు గీకేశారు. అసలు బీటీఏ41 అంతకంటే పెద్ద ప్యాకేజీలో వస్తుంది. ఆప్టో (కంట్రోలర్ సంకేతాన్ని వెలుతురు ద్వారా ట్రయాక్‌కి అందించే చిప్) ఎంఓసీ3063, అంటే వోల్టేజీ జీరో దగ్గరే ఆన్ చేసేది. హీటర్‌కైతే మంచిదే. ట్రాన్స్‌ఫార్మర్‌ను జీరోలో ఆన్ చేస్తే మొదటి అర సైకిల్లో ఫ్లక్స్ (ఇనుప కోర్‌లోని అయస్కాంత ప్రవాహం) దాదాపు రెట్టింపుకి వెళ్లి, కోర్ శాచురేట్ అయి (ఇక అంతకంటే పట్టలేక), కరెంటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. మైక్రోవేవ్ కోర్ మామూలుగానే శాచురేషన్ అంచున నడుస్తుంది. ఇక్కడ కావలసింది ఎంఓసీ3052 లాంటి ర్యాండమ్ ఫేజ్ (ఏ క్షణంలోనైనా ఆన్ చేయగల) ఆప్టో, వోల్టేజీ పీక్ దగ్గర ఫైర్ చేసే ప్రోగ్రామ్. స్నబ్బర్ (వోల్టేజీ కుదుపుల నుంచి ట్రయాక్‌ను కాపాడే రెసిస్టర్, కెపాసిటర్ జత) జాగా ఖాళీ. కంట్రోల్ పిన్‌కి పుల్‌డౌన్ రెసిస్టర్ (పిన్‌ను ఆఫ్‌లో పట్టి ఉంచేది) కూడా లేదు, కాబట్టి కంట్రోలర్ బూట్ అయ్యేలోపు పిన్ గాల్లో తేలుతూ ఉంటుంది. ఆ దొంగ పల్స్ అక్కడి నుంచే.

సెల్లర్‌కి ఫోటోలన్నీ పంపితే వచ్చిన జవాబు: "తెలియనివాళ్లు ఫుట్ స్విచ్‌తో సరిపెట్టుకోవాలి." ట్రయాక్ నంబరు ఎందుకు గీకారని అడిగాను. జవాబు లేదు, నన్ను బ్లాక్ చేశారు. నాసిరకం సరుకు ఎక్కడైనా దొరుకుతుంది. కానీ తెలిసే నంబరు చెరిపి, సెల్ పేలే ప్రమాదాన్ని కొన్నవాడి చేతిలో పెట్టడం మోసం. దాన్ని ఎంత మర్యాదగా చెప్పమన్నా నావల్ల కాదు.

మందపాటి ఇనుప రేకులకైతే టైమర్ అవసరమే లేదు. పల్స్ అర సెకను, సెకను ఉంటుంది కాబట్టి ఫుట్ స్విచ్, మంచి కాంటాక్టర్ (పెద్ద కరెంటును కలిపి, తెంచే రిలే) చాలు. బ్యాటరీ పనికి టైమర్ పెట్టినా ఫుట్ స్విచ్ తీసేయకండి. ట్రయాక్ చెడితే ఎక్కువగా షార్టే అవుతుంది, అప్పుడు ప్రోగ్రామ్ ఏమీ చేయలేదు. కాలు తీయగానే మెయిన్స్ తెగేలా ప్రైమరీకి (ట్రాన్స్‌ఫార్మర్ మెయిన్స్ వైపు చుట్టకి) సిరీస్‌లో, ఆ కరెంటు తట్టుకునే కాంటాక్టర్ ద్వారా పెట్టండి.

కొత్త బోర్డు ఏదైనా ముందు ట్రాన్స్‌ఫార్మర్ బదులు 100 వాట్ల ఫిలమెంట్ బల్బుకి కలపండి. పవర్ ఆన్, ఆఫ్, రీసెట్ పదేపదే చేసి చూడండి. బటన్ నొక్కకుండా బల్బు ఒక్కసారి మిణుక్కుమన్నా బోర్డు పక్కన పెట్టేయండి. తర్వాత మెయిన్స్ ప్లగ్, లోడ్ రెండూ తీసేసి ట్రయాక్ ఎంటీ1, ఎంటీ2 (కరెంటు సాగే రెండు ప్రధాన కాళ్లు) మధ్య మల్టీమీటర్ పెట్టండి. కొన్ని ఓమ్‌లే చూపిస్తే అది షార్టయిన ట్రయాక్, ఆ బోర్డుకి మళ్లీ పవర్ ఇవ్వకండి.