క్వాంటిటీ సర్వేయర్‌కి ఇచ్చిన ఫీజు గిట్టుబాటైందా?

శ్రీకాకుళంలో మా ఇంటి గ్రౌండ్ ఫ్లోరుకి, తర్వాత పై అంతస్తుకి, ఆ తర్వాత రోడ్డు వైపు వేసిన రెండు షాపు గదులకి ఒకే క్వాంటిటీ సర్వేయర్‌ని పెట్టుకున్నాం. ప్లాను చూసి ఎంత సిమెంటు, ఎంత స్టీలు, ఎంత పని పడుతుందో లెక్కకట్టి, పని జరిగేటప్పుడు టేపు పెట్టి కొలిచి, మేస్త్రీ బిల్లు సరిచూసే మనిషి ఆయన. మా ఆయనకి పైడిభీమవరంలో షిఫ్టు డ్యూటీ, కాబట్టి సైటు దగ్గర నిలబడింది ఎక్కువగా నేనే. ఎస్టిమేటుకి పదికి ఐదు, కొలతలకి పదికి తొమ్మిది ఇస్తాను.

ముందు ఐదు ఎందుకో చెప్తాను. ఎస్టిమేటులో రెండు భాగాలుంటాయి: పరిమాణాలు, రేట్లు. పరిమాణాలు నిలబడ్డాయి. రేట్లు నిలబడలేదు. గ్రౌండ్ ఫ్లోరుకి వేసిన రేట్లు విశాఖ మార్కెట్‌వి, మా ఊరిదాకా లారీ బాడుగ కలపలేదు. షాపు గదులప్పుడు మరో రకం. 2025 సెప్టెంబరు 22న సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, దాంతో అంతకుముందు వేసిన కాగితంలో రేట్ల కాలమ్ పాతబడింది. బస్తాల సంఖ్య మాత్రం ఎక్కడికీ పోలేదు. అందుకే చివర్లో ఉండే మొత్తం చూసి సంబరపడటం గానీ గుండె పట్టుకోవడం గానీ అనవసరం. పరిమాణాల కాలమ్ తీసుకుని, రేట్లు మీ ఊళ్లో మీరే విచారించుకోండి.

అన్నిటికంటే పెద్ద తేడా బేస్‌మెంట్ ఫిల్లింగులో వచ్చింది. మా వీధి రోడ్డు ఎత్తు పెంచారు, దాంతో మేమూ లేపాల్సి వచ్చింది. పైగా గ్రావెల్ వదులుగా ట్రాక్టర్లో వస్తుంది, నీళ్లు కొట్టి దిమ్మిస చేశాక కుంగిపోతుంది. ఎస్టిమేటులో రాసింది దిమ్మిస చేసిన ఘనపరిమాణం, డబ్బు కట్టింది ట్రాక్టర్ల లెక్కన. ఈ రెండూ ఒకటి కావని ముందే ఒక ముక్క చెప్పి ఉండాల్సింది.

ఇక తొమ్మిది ఎందుకంటే, పని మొదలవకముందే ఏది ఎలా కొలవాలో ఆయన రాయించాడు. మన దగ్గర గొడవలన్నీ అక్కడే పుడతాయి. ప్లాస్టరింగ్ చదరపు అడుగుకి ఇంత అని మాట్లాడుకుంటాం, మరి గుమ్మం, కిటికీ ఖాళీలు తీసేయాలా వద్దా? మా మేస్త్రీ "తీయడవేటమ్మా, అంచులు కట్టేది మేవే కదా" అన్నాడు. ఆయన మాటలోనూ న్యాయముంది. కట్టడం పనులు ఎలా కొలవాలో చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 1200 ప్రకారం అర చదరపు మీటరు లోపు ఖాళీ అసలు తీయరు. అది దాటి 3 చదరపు మీటర్ల దాకా ఉంటే, రెండు వైపులా ఒకే ప్లాస్టరింగ్ అయినప్పుడు, ఒక వైపే తీస్తారు, అంచులకి వేరే డబ్బు ఉండదు. 3 దాటితే రెండు వైపులా తీసేసి అంచులు కలుపుతారు. 3 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు గుమ్మం దాదాపు 1.95 చదరపు మీటర్లు, అంటే ఒక వైపే. షాపు గదులకి 10 అడుగులకు 8 అడుగుల షట్టర్లు పెట్టాం. ఒక్కోటీ 7.4 చదరపు మీటర్లు, అంటే రెండు వైపులా పోతుంది. ఈ మూడు వాక్యాలు ఒప్పందం కాగితం మీద ఉండటంతో బిల్లు రోజు ఎవరూ గొంతు పెంచలేదు.

అలాగే లేబర్ కాంట్రాక్టు శ్లాబు కొలతకి ఇస్తే సజ్జాలు, బాల్కనీ అందులోకి వస్తాయా, మెట్లు, పారాపెట్, సంపు, ప్రహరీ వేరేనా అన్నదీ ముందే రాయించాడు.

శ్లాబు రోజుకి ముందు ఒక లెక్క చూపించాడు. వెయ్యి చదరపు అడుగులు, 5 అంగుళాల మందం అంటే 417 ఘనపుటడుగులు, దాదాపు 11.8 ఘనపు మీటర్లు. సిమెంటు, ఇసుక, కంకర 1:1.5:3 పాళ్లలో కలిపితే ఘనపు మీటరుకి ఇంచుమించు 8 బస్తాలు పడతాయి, కాబట్టి శ్లాబుకే 95 దాకా, బీములు వేరే. ఈ అంకె చేతిలో ఉంటే సిమెంటు ఎక్కువ తిన్నా, అనుమానం వచ్చేంత తక్కువ తిన్నా అప్పటికప్పుడే తెలిసిపోతుంది. నాకైతే తక్కువ తింటేనే టెన్షన్.

స్టీలు దిగిన రోజు ఆయన్ని కచ్చితంగా పిలవండి. రాడ్డు మందం మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని అంతే పెట్టి గుణించి, 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 12 ఎం.ఎం.కి 0.888, కాబట్టి 12 మీటర్ల రాడ్డు 10.6 కిలోల పైచిలుకు. ఒక లోడులో కట్టలు విప్పించి, రాడ్లు లెక్కపెట్టి, కాటా చీటీ పక్కన పెట్టాడు. ఈ సైజుకి స్టీలు రాడ్ల భారతీయ ప్రమాణం ఐఎస్ 1786 అనుమతించే తేడా 5 శాతం. మా చీటీలో తేడా అంతకంటే ఎక్కువుంది. కొట్టువాళ్లు మొదట బుకాయించారు గానీ, రెండో కాటా మీద తూయిస్తామనేసరికి బిల్లు మార్చారు.

ఇసుక దగ్గరా ఇంతే. 2024 జూలై నుంచి ఉచిత ఇసుక అన్నారు గానీ లోడింగు, రవాణా మన జేబులోంచే. అందుకే ట్రాక్టరు తొట్టిని లోపలి నుంచి టేపుతో కొలవడం నేర్చుకున్నాను. నాగావళి తడి ఇసుకైతే ఇంకో సంగతి: కొద్దిపాటి చెమ్మకే ఇసుక 20, 30 శాతం పొంగుతుంది. గాజు సీసాలో తడి ఇసుక వదులుగా పోసి, మట్టం గీత పెట్టి, మునిగేదాకా నీళ్లు పోసి కదిపితే ఇసుక ఎంత దిగిందో కళ్లెదుటే కనిపిస్తుంది. మా మేస్త్రీ కూడా వంగి చూశాడు.

ఆయన చెయ్యనివి కూడా చెప్పాలి. క్యూరింగ్ సరిగా చేస్తున్నారా, కాంక్రీటు బాగా కూరారా అన్నది ఆయన పని కాదు, దానికి సైటు ఇంజినీరు వేరే ఉండాలి. మధ్యలో మనం ప్లాను మారిస్తే కొత్త లెక్కకి ఫీజు వేరే. వంటింటి గోడ జరిపించినప్పుడు అది కట్టాను, సవరించిన కాగితం మాత్రం గోడ లేచాక వచ్చింది. రమ్మన్న రోజు రాడు, ఒకటి రెండు రోజులు అటూఇటూ. బ్యాంకు లోను వాయిదాలకి ఆయన కొలతలు పనికొచ్చాయి గానీ, విడుదల చేసేది బ్యాంకు పంపే ఇంజినీరు చూశాకే.

అద్దెల కోసం ఫ్లాటు కొనాలని మా తమ్ముడు చూస్తుంటే అక్కడికీ తీసుకెళ్లాం. బిల్డరు సూపర్ బిల్టప్ మీద, అంటే మెట్లు, లిఫ్టు లాంటి ఉమ్మడి స్థలంలో వాటా కూడా కలిపిన విస్తీర్ణం మీద రేటు చెప్పాడు. రియల్ ఎస్టేట్ మీద వచ్చిన 2016 రెరా చట్టం ప్రకారం కార్పెట్ ఏరియాలో, అంటే ఫ్లాటు లోపల వాడుకునే నేలలో, బయటి గోడలు, పైపులు పోయే షాఫ్టులు, బాల్కనీ రావు, లోపలి అడ్డుగోడలు వస్తాయి. మా సర్వేయర్ గదులు కొలిచి కార్పెట్ ఏరియా అడుగుకి ఎంత పడుతుందో రాసిచ్చాడు. తమ్ముడు ఆ కాగితం పట్టుకుని ఇంకో రెండు చోట్ల బేరం చూస్తున్నాడు.

ఫీజు విషయానికొస్తే, గ్రౌండ్ ఫ్లోరంతటికీ కలిపి టన్ను స్టీలు ధర కూడా కాలేదు. స్టీలు బిల్లు ఒక్కదానితో అందులో కొంత తిరిగొచ్చింది. మీరు మాట్లాడుకునేటప్పుడు మొత్తం ఒకేసారి ఇవ్వకుండా పునాది, శ్లాబు, ప్లాస్టరింగ్ అని దశలవారీగా కట్టండి, కొలిచిన కాగితం చేతికొచ్చాకే ఆ దశ డబ్బు ఇవ్వండి. మెటీరియల్‌తో సహా మొత్తం కాంట్రాక్టరుకే అప్పగించేవాళ్లకి స్టీలు, ఇసుక కొలతలతో పెద్దగా పని లేదు. ఒప్పందంలో ఏమేం కలవలేదో ఆ జాబితా ఒక్కటి రాయించుకుంటే చాలు.