గరిక మీద బ్యాటరీ మోవర్: అయిదు వేసవుల అనుభవం

ఈ బ్యాటరీ మోవర్‌ని, అంటే గడ్డి కోసే మెషిన్‌ని, 2021 ఏప్రిల్‌లో కొన్నాను. డాలస్‌కి ఉత్తరాన, ఫ్రిస్కో దాటాక పుట్టగొడుగుల్లా లేచిన కొత్త కాలనీల్లో ఒకటి మాది. ముందూ వెనకా కలిపి గడ్డి ఉన్న జాగా 2,200 చదరపు అడుగులు. అప్పటిదాకా కుర్రాళ్ళు వచ్చి కోతకి 40 డాలర్లు తీసుకుని కోసి పోయేవారు. ఈమాత్రం దానికి పెట్రోలు మెషిన్, దాని ఆయిలు, దాని తాడు లాగుడు ఎందుకని బ్యాటరీది తెచ్చుకున్నా. 40 వోల్టులు, 16 అంగుళాల డెక్కు (బ్లేడు తిరిగే కింది తొడుగు), చేత్తో తోసుకునే రకం, 4 ఆంపియర్ అవర్ల బ్యాటరీ (బ్యాటరీలో ఎంత పడుతుందో చెప్పే లెక్క అది) ఒకటే. పెట్టె మీద పావు ఎకరం దాకా కోస్తుందని రాసుంది. పావు ఎకరమంటే దాదాపు 11 వేల చదరపు అడుగులు, మాది అందులో అయిదో వంతు. ఇంకేం కావాలి అనుకున్నా.

ఏప్రిల్‌లో సరిపోయింది. జూన్‌లో ముందు యార్డు అయిపోయి, వెనక సగంలో ఉండగా ఆగిపోయింది.

కారణం మెషిన్‌లో కంటే గడ్డిలో ఎక్కువుంది. ఇక్కడ బెర్ముడా గ్రాస్ అని డబ్బులిచ్చి పరిపించుకునేది మన గరికే. మామయ్యగారు తెనాలి నుంచి మొదటిసారి వచ్చినప్పుడు, చెప్పులు విడిచి లాన్‌లోకి దిగి, వంగి ఒక పోచ తెంపి చూసి, "ఇది గరిక కదండీ అల్లుడుగారూ! పసుపు చేలో దీన్ని పీకలేక నడుములు పడిపోయేవి. మీరు నీళ్ళు పెట్టి, ఎరువేసి పెంచుతున్నారా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఎండ, నీళ్ళు రెండూ దొరికితే గరిక ఆగదు. పైగా రెండంగుళాల్లోపే ఉంచితేనే ఇది అందంగా ఉంటుంది, అంటే బ్లేడు తిరిగేది అల్లుకుపోయిన మొదళ్ళ దగ్గర. మోటారు మీద పడే బరువంతా అక్కడే.

బ్యాటరీ లెక్క కూడా నాకు ఆలస్యంగా తెలిసింది. 40 వోల్టులని రాసేది నిండా చార్జీ ఉన్నప్పటి మాట, పని చేసేటప్పుడు సుమారు 36. దాన్ని 4తో గుణిస్తే 144 వాట్ అవర్లు. మనింట్లో 75 వాట్ల సీలింగ్ ఫ్యాన్ రెండు గంటలు తిరగడానికి కూడా కాస్త చాలదు. ఆ కరెంటుతో గరిక కొయ్యమంటున్నాం! మార్చిలో పలచగా ఉన్నప్పుడు నాకు 25 నిమిషాలు వచ్చేది, జూన్‌లో 14. మా యార్డంతా ఒకసారి తిరగడానికి కనీసం 20 నిమిషాలు పడుతుంది. పోనీ చార్జింగ్ పెడదామంటే, వేడెక్కిన బ్యాటరీని చార్జర్ తీసుకోదు, ఎర్రలైటు వేసుకుని కూర్చుంటుంది. అరగంట చల్లారాలి, తర్వాత గంటన్నర చార్జింగ్. ఆలోగా పొద్దు నెత్తికెక్కుతుంది.

అందుకే ఎవరడిగినా ఇదే చెప్తున్నా: జాగా ఎంతని చూసి కొనకండి, మీ గడ్డి అన్నిటికంటే జోరుగా పెరిగే వారంలో ఎలా ఉంటుందో చూసి కొనండి. వోల్టులు ఒక్కటే చూడకండి, వోల్టుల్ని ఆంపియర్ అవర్లతో గుణించండి. మాలాంటి యార్డుకి 250 వాట్ అవర్లయినా ఉండాలి. ఒకే పెద్ద బ్యాటరీ కంటే చిన్నవి రెండు నయం. ఒకటి చల్లారుతుంటే ఇంకోటి పనిచేస్తుంది. నేను ఆ జులైలోనే రెండోది కొన్నాను. మెషిన్ ధరలో దాదాపు సగమైంది. అసలు సరుకు బ్యాటరీయే, మోవర్ దానికి తోకలాంటిదని అప్పుడర్థమైంది. అదే బ్యాటరీ నా దగ్గరున్న అంచులు కొట్టే ట్రిమ్మర్‌కీ, చెత్త ఊదేసే బ్లోయర్‌కీ పడుతుంది కాబట్టి ఇప్పుడు వేరే కంపెనీకి పోవాలన్నా పోలేను.

మొదటి బ్యాటరీ నాలుగో వేసవిలో పోయింది. వారంటీ మెషిన్‌కి అయిదేళ్ళు, బ్యాటరీకి మూడేళ్ళు. సరిగ్గా లెక్క చూసుకునే పోయినట్టుంది! అయితే సగం తప్పు నాదే. మొదటి రెండేళ్ళు నిండా చార్జ్ చేసి గరాజ్‌లో పెట్టేవాణ్ణి. ఆగస్టులో మా గరాజ్ ఇటుకబట్టీ. లిథియం బ్యాటరీకి నిండా చార్జీ, వేడి, ఈ రెండూ కలిస్తే ఆయుష్షు తరిగిపోతుంది. రెండోదాన్ని ఇంట్లోనే, ప్యాంట్రీలో బియ్యం బస్తా పక్కన పెడుతున్నా. చలికాలమంతా సగం చార్జీతోనే ఉంచుతా. మా ఆవిడ సణుగుతుంది గానీ, ఆ బ్యాటరీ ఇప్పటికీ దిట్టంగా ఉంది.

బ్లేడు గురించి ఎవరూ చెప్పరు. మొద్దుబారితే గడ్డి తెగదు, చిరుగుతుంది. రెండ్రోజులకి కొసలు తెల్లబడతాయి, బ్యాటరీ కూడా తొందరగా దిగిపోతుంది. సీజన్‌కి రెండుసార్లు ఆకురాయి పట్టిస్తే నాకు రెండు మూడు నిమిషాలు కలిసొచ్చాయి. బోల్టు విప్పేముందు సేఫ్టీ కీ, బ్యాటరీ రెండూ తీసెయ్యాలి. పెట్రోలు మెషిన్‌కి తాడు లాగాలి, దీనికి బొత్తాం చాలు. అందుకే దీనితోనే ఎక్కువ జాగ్రత్త.

నచ్చినవి చాలానే ఉన్నాయి. చప్పుడు తక్కువ, శనివారం పొద్దున ఎనిమిదింటికి పాప నిద్రలేవకుండా కోసేస్తా. అప్పుడు ఇండియాలో సాయంత్రం ఆరున్నర కాబట్టి చెవిలో అమ్మ మాట్లాడుతూనే ఉంటుంది. హ్యాండిల్ మడిచి గోడకి నిలబెడితే కారు పక్కన అడుగున్నర చోట్లో సరిపోతుంది. పెట్రోలుదాన్ని అలా నిలబెడితే ఆయిలు కారుతుంది. ఒకసారి చార్జింగ్‌కి అయ్యే కరెంటు అయిదు సెంట్లు కూడా ఉండదు. తడిగడ్డిలో మాత్రం దండగ. తెల్లారగట్ట స్ప్రింక్లర్లు తిరిగిన రోజు కోస్తే డెక్కు కింద పేడముద్దలా అంటుకుపోతుంది, గోకడానికే పావుగంట.

ఫిబ్రవరి చివర్లో ఎండిన గరికని నేలకంటా కొరిగేసే పని ఒకటుంటుంది. అది ఈ 16 అంగుళాలదానితో ఒక్కరోజులో కాదు. ఎత్తు మెట్టుమెట్టుగా దించుకుంటూ రెండ్రోజులు చేస్తా. నిజం చెప్పాలంటే ఒక ఏడాది పక్కింటాయన పెట్రోలు మెషిన్ అరువు తెచ్చుకున్నా.

మళ్ళీ కొంటే 20 అంగుళాలది కొంటా, తోసుకునేదే. దానంతట అది నడిచే రకం బ్యాటరీలో కొంత చక్రాలకే తింటుంది, చిన్న యార్డులో తిప్పడమూ చికాకు.

వెనక ఫెన్సు మూల నాలుగడుగుల ముక్కకి నేను కలుపుమందు కొట్టను, ఆగస్టు నుంచి కొయ్యను కూడా. వినాయక చవితికి మా కాలనీలో నాలుగిళ్ళకి గరిక అక్కణ్ణుంచే పోతుంది. మామయ్యగారు ఉన్న ఏడాది ఆ ముక్కకి ఆయనే కాపలా. పూజయ్యాక జానెడెత్తు పెరిగిన ఆ మూలని ముందు ట్రిమ్మర్‌తో కొట్టి, తర్వాతే మోవర్ పెట్టాలి. ఆ రోజు అరచార్జీ ఆ నాలుగడుగులకే పోతుంది.