రీసేల్ టైమ్‌షేర్: ఏళ్ళ తరబడి వాడాక తేలిన లెక్క

టైమ్‌షేర్ అంటే రిసార్టులో ఏటా కొంతకాలం, మామూలుగా ఒక వారం, ఉండే హక్కును కొనుక్కోవడం. రీసేల్ అంటే ఆ హక్కును పాత ఓనర్ దగ్గర కొనడం. రిసార్టు కట్టిన డెవలపర్ దగ్గర ఇరవై పాతిక వేల డాలర్లు పలికే వారం, అదే రిసార్టులో, అదే సైజు యూనిట్‌లో, రీసేల్‌లో కొన్ని వందలకు దొరుకుతుంది. ఒక్కోసారి ఒక్క డాలరుకే ఇచ్చేస్తారు. ఇందులో మోసమేమీ లేదు. డెవలపర్ ధరలో పెద్ద ముక్క అమ్మకం ఖర్చే: ప్రెజెంటేషన్‌కు రప్పించడానికి ఇచ్చే కానుకలు, సేల్స్‌మన్ కమీషన్లు, ప్రకటనలు. సంతకం ఆరిన మరుక్షణం ఆ విలువ గాల్లో కలుస్తుంది. రీసేల్‌లో కొనేవాడికి ఆ భారం ఉండదు. కానీ ఏనుగును ఊరికే ఇచ్చినా మేత మనమే వేయాలి. ఇక్కడ ఆ మేత పేరు ఏటా కట్టాల్సిన మెయింటెనెన్స్ ఫీజు.

ఈ సమీక్ష రెండు రకాల రీసేల్ గురించి. ఒకటి ఫ్లోరిడాలోని ఓర్లాండోలో డీడ్ (రిజిస్టరైన హక్కు పత్రం) ఉన్న ఫ్లోటింగ్ వారం, అంటే తేదీ ఏటా ఎంచుకునే వారం; రెండు బెడ్‌రూముల, రెండుగా విడదీసి వాడుకోగల లాక్-ఆఫ్ యూనిట్. రెండోది డిస్నీ వెకేషన్ క్లబ్ పాయింట్ల కాంట్రాక్టు, ఏటా చేతికొచ్చే పాయింట్లతో గదులు బుక్ చేసుకునే పద్ధతి. రెండూ వాడకానికి బాగానే ఉన్నాయి. లెక్కకు మాత్రం రెండూ ఒకటి కావు.

ముందు పాయింట్ల సంగతి. డిస్నీది శాశ్వత హక్కు కాదు, గడువున్న హక్కు. బీచ్ క్లబ్, బోర్డ్‌వాక్, బౌల్డర్ రిడ్జ్ వంటి పాత రిసార్టుల గడువు 2042 జనవరి 31తో ముగుస్తుంది. సారటోగా స్ప్రింగ్స్ 2054, యానిమల్ కింగ్‌డమ్ 2057, బే లేక్ టవర్ 2060, పాలినేషియన్ 2066, రివియెరా 2070. కాబట్టి పాయింటు ధర ఒక్కటే చూస్తే లాభం లేదు, మిగిలిన ఏళ్ళతో భాగించి చూడాలి. 2042 రిసార్టులు రీసేల్‌లో చవగ్గా కనిపించడానికి కారణం ఇదే.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. అంకెలు ఊహకు తీసుకున్నవి, మీ కాంట్రాక్టు అంకెలు పెట్టి మళ్ళీ వేసుకోండి. ఏటా 160 పాయింట్లు, పాయింటు 100 డాలర్లు, అంటే 16,000. క్లోజింగ్ ఖర్చు, అంటే హక్కు బదిలీ పత్రాల ఖర్చు, 700. గడువు ఇంకా 30 ఏళ్ళు. మొత్తం 4,800 పాయింట్లు చేతికొస్తాయి కాబట్టి పాయింటుకు 3.48 డాలర్లు. వార్షిక డ్యూస్ (డిస్నీలో మెయింటెనెన్స్ ఫీజు పేరు ఇదే) పాయింటుకు 9 డాలర్లనుకుంటే కలిపి 12.48. వారానికి 120 పాయింట్లు పట్టే స్టూడియో 1,498 డాలర్లకు వచ్చినట్టు, అంటే రాత్రికి 214. చాలామంది లెక్క ఇక్కడితో ఆపేసి సంబరపడతారు.

ఆగకూడదు. ఆ 16,700 డాలర్లను 5 శాతం వచ్చే చోట పెడితే 30 ఏళ్ళ పాటు ఏటా 1,086 డాలర్లు తీసుకోవచ్చు. పాయింటుకు అది 6.79. డ్యూస్‌తో కలిపితే పాయింటుకు 15.79, స్టూడియో వారం 1,895, రాత్రికి 271. అంటే మొదటి లెక్కలో కనిపించిన లాభంలో రాత్రికి 57 డాలర్లు పెట్టుబడి మీద వదులుకున్న వడ్డీయే. ఇప్పుడు ఈ 15.79ని దేనితో పోల్చాలి? హోటల్ కౌంటర్ ధరతో కాదు. సేల్స్‌మన్లు ఆ పోలికే చూపిస్తారు, ఎందుకంటే అందులో ఎప్పుడూ కొన్నవాడే గెలుస్తాడు. పోల్చాల్సింది ఇంకో ఓనర్ దగ్గర అవే పాయింట్లు అద్దెకు తీసుకుంటే ఎంత అవుతుందన్న దానితో. అద్దె పాయింటుకు 19 ఉంటే ఆ వారం 2,280. కొన్నవాడికి ఏడాదికి 385 మిగులు. అద్దె 16కు దొరికే పరిస్థితి ఉంటే కొనాల్సిన పనే లేదు. అద్దెకు తీసుకునేవాడు వచ్చే ఏడాది వెళ్ళకపోతే రూపాయి కట్టక్కర్లేదు, ఓనర్ కట్టాలి.

డ్యూస్ పెరుగుదల సంగతి మరో మాట. ఏటా 4 శాతం పెరిగితే 18 ఏళ్ళలో రెట్టింపు. పై ఉదాహరణలో 1,440తో మొదలైన బిల్లు 30వ ఏడు దాటేసరికి 4,600 పైన ఉంటుంది. అద్దెలూ పెరుగుతాయి, నిజమే. కానీ అప్పటికి రిటైరైనవాళ్ళకు జీతం పెరగదు. ఒక ఊరట ఏమిటంటే, ఏ గదికి ఎప్పుడు ఎన్ని పాయింట్లు పడతాయో చెప్పే పాయింట్ల చార్టు. సీజన్ల మధ్య పాయింట్లను అటూ ఇటూ మార్చే అధికారం డిస్నీకి ఉంది, రిసార్టు మొత్తానికి పట్టే పాయింట్లను పెంచే అధికారం లేదు. జనవరిలో తగ్గిస్తే అక్టోబరులో పెంచుతారు, అంతే.

వాడకంలో గుర్తుంచుకోవాల్సిన తేదీలు నాలుగున్నాయి. సొంత రిసార్టులో బుకింగ్ 11 నెలల ముందు తెరుచుకుంటుంది, మిగతా రిసార్టుల్లో 7 నెలల ముందు. తూర్పు తీర సమయం ఉదయం 8 గంటలకు లాగిన్ అయి కూర్చోవాలి. డిసెంబరు మొదటి రెండు వారాల స్టూడియోలు 7 నెలల దాకా ఉంటాయని ఆశపడొద్దు. అందుకే ఎక్కడ ఉండాలని ఉందో అక్కడే కొనాలి. చవక అని సారటోగాలో కొని, ప్రతి డిసెంబరు బోర్డ్‌వాక్‌లో ఉంటామనుకునేవాళ్ళే ఎక్కువగా విసిగిపోతారు. మూడోది, ఈ ఏడు వాడని పాయింట్లను తర్వాతి ఏడుకు దాచుకోవాలంటే యూజ్ ఇయర్ (పాయింట్లు చేతికొచ్చే నెల నుంచి లెక్కించే ఏడాది) మొదలైన 8 నెలల లోపే బ్యాంక్ చేయాలి. ఒకసారి బ్యాంక్ చేసినవి మళ్ళీ బ్యాంక్ కావు. నాలుగోది చాలామందికి దెబ్బ తగిలాకే తెలుస్తుంది: చెకిన్‌కు 30 రోజుల లోపు రద్దు చేస్తే పాయింట్లు హోల్డింగ్‌లోకి పోతాయి. వాటితో రాబోయే 60 రోజుల్లో ఖాళీగా ఉన్న గదులు మాత్రమే బుక్ అవుతాయి. పిల్లల బడి సెలవులను బట్టి తిరిగే కుటుంబానికి అవి దాదాపు పోయినట్టే.

రీసేల్‌కు ఉన్న ఆంక్షలు ముందే చదువుకోండి. 2019 జనవరి 19 తర్వాత రీసేల్‌లో కొన్న పాత 14 రిసార్టుల పాయింట్లతో ఆ 14 రిసార్టులే దొరుకుతాయి, రివియెరా, ఆ తర్వాత వచ్చిన కొత్తవి దొరకవు. రివియెరాను రీసేల్‌లో కొంటే ఆ పాయింట్లు రివియెరాలో తప్ప ఎక్కడా చెల్లవు. మిగతా కంపెనీలదీ ఇదే దారి. మారియట్ వారాలను 2010 జూన్ 20 తర్వాత బయటివాళ్ళ దగ్గర కొంటే మామూలుగా పాయింట్ల పథకంలో చేర్చుకోరు. విండమ్‌లో వీఐపీ హోదా రీసేల్ పాయింట్లకు రాదు. "కొనండి, తర్వాత చూసుకుందాం" అనే బ్రోకర్‌ను, రీసేల్‌లో కొంటే ఏ ఆంక్షలుంటాయన్న ఒక్క ప్రశ్నతో వడకట్టొచ్చు.

ఇక వారం సంగతి. ఒక్క డాలరుకు వచ్చిన వారానికి ఏటా 1,250 ఫీజు ఉందనుకోండి. అదే యూనిట్ సెప్టెంబరులో అద్దెకు 900కే దొరుకుతుంటే, ఓనర్ ప్రతి ఏడాదీ 350 నష్టపోతూ సెలవు గడుపుతున్నాడు. జూలైలోనో క్రిస్మస్ వారంలోనో అద్దె 2,000 దాటే చోట అదే ఫీజు చవక. అంటే ఏడాదిలో ఎన్నో వారమో, ఏ సీజనో అన్నది ధర కంటే ముఖ్యం. ఫీజు మాత్రం సీజన్‌ను బట్టి మారదు, చలికాలపు వారానికీ వేసవి వారానికీ సాధారణంగా ఒకటే. లాక్-ఆఫ్ యూనిట్ ఇక్కడ నిజంగా పనికొచ్చింది. మధ్య తలుపు తాళం వేస్తే స్టూడియో ఒకటి, వంటగది ఉన్న ఒక బెడ్‌రూమ్ ఇంకొకటి అవుతాయి. ఒకటి వాడుకుని రెండోది ఓనర్ల మధ్య వారాలు మార్చిపెట్టే ఎక్స్చేంజ్ కంపెనీలైన ఆర్‌సీఐలోనో ఇంటర్వల్‌లోనో డిపాజిట్ చేస్తే ఒకే ఫీజుకు రెండు వారాలు. విడదీసినందుకు ఫీజు, ఎక్స్చేంజ్ కంపెనీ సభ్యత్వం, మార్చుకున్న ప్రతిసారీ సుమారు రెండు మూడు వందల డాలర్లు అదనం. ఇవన్నీ కలిపాకే "రెండో వారం ఉచితం" అన్న మాటకు అర్థం చూసుకోవాలి.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు రెండు బెడ్‌రూముల యూనిట్‌కు సాటి హోటల్ లేదు. పొయ్యి, ఫ్రిజ్, వాషర్, డ్రయర్ అన్నీ లోపలే. డిస్నీ స్టూడియోలో మాత్రం పొయ్యి ఉండదు, చిన్న ఫ్రిజ్, మైక్రోవేవ్‌తో సరిపెట్టుకోవాలి. ఒక బెడ్‌రూమ్ నుంచే పూర్తి వంటగది. రైస్ కుక్కర్ తీసుకెళ్ళండి, పోపు వేసే ముందు పొయ్యి మీది ఫ్యాన్ పెట్టండి. స్మోక్ అలారమ్‌కు ఎండుమిరపకాయల సంగతి తెలియదు.

కొనే పని ఇలా సాగుతుంది. ధర కుదిరాక కాంట్రాక్టు రాస్తారు, డిపాజిట్ ఎస్క్రోలో, అంటే మధ్యవర్తి ఖాతాలో, పడుతుంది. సొమ్ము అమ్మేవాడి చేతికి కాదు, ఎస్క్రోకే వెళ్ళాలి. తర్వాత ఆ కాంట్రాక్టును టైమ్‌షేర్ కంపెనీకి పంపుతారు. అదే ధరకు తానే కొనుక్కునే హక్కు దానికి ఉంటుంది, అందరూ రోఫర్ అనేది దీన్నే. డిస్నీకి ఇందుకు 30 రోజుల గడువు. ధర మరీ తక్కువగా రాస్తే వాళ్ళే లాగేసుకుంటారు, డిపాజిట్ తిరిగొస్తుంది, సమయం పోతుంది. అది దాటాక, కాంట్రాక్టు అసలు స్థితిని కంపెనీ రాసిచ్చే ఎస్టాపెల్ పత్రం వస్తుంది. తొందరలో చదవకుండా వదిలేసేది దీన్నే, అసలు చదవాల్సిందీ దీన్నే. డీడ్ మీద పేర్లు, బాకీ ఫీజు, లోన్ మిగిలుందా, ఈ ఏడు పాయింట్లు ఎన్ని ఉన్నాయి, ముందే అప్పు తెచ్చుకుని వాడేశారా, అన్నీ అందులోనే ఉంటాయి. వచ్చే ఏడు పాయింట్లు కూడా వాడేసిన కాంట్రాక్టును "స్ట్రిప్డ్" అంటారు. 160 పాయింట్లు లేవంటే పాయింటు 18 చొప్పున 2,880 డాలర్ల సరుకు లేనట్టే. ఆ మేరకు ధర తగ్గించమనండి, వాడేసిన ఏడాది డ్యూస్ అమ్మేవాడే కట్టాలని కాంట్రాక్టులో రాయించండి. చివరికి డీడ్ రిజిస్టరై, కంపెనీ కొత్త సభ్యత్వం తెరిచేసరికి రెండు మూడు నెలలు పడుతుంది. ఈ వేసవికి కావాలని వసంతంలో కొంటే కుదరదు.

ధర సరైనదో కాదో తెలుసుకోవడానికి ఒక దారి ఉంది. ఓర్లాండో డీడ్లు ఎక్కువగా ఆరెంజ్ కౌంటీ కంప్ట్రోలర్ రికార్డుల్లో ఉంటాయి, ఆన్‌లైన్‌లో ఎవరైనా చూడొచ్చు. ఫ్లోరిడాలో డీడ్ మీద స్టాంప్ ట్యాక్స్ ప్రతి 100 డాలర్లకు 70 సెంట్లు, మయామీ-డేడ్ కౌంటీ ఒక్కటి మినహాయింపు. డీడ్ మీద 112 డాలర్ల స్టాంపు కనిపిస్తే అది 16,000కు అమ్ముడుపోయిందని అర్థం. 70 సెంట్లు ఉంటే ఊరికే ఇచ్చేశారని. బ్రోకర్ అడిగే రేటు కంటే ఇలాంటి నాలుగు డీడ్లు నిజం చెబుతాయి.

వారం కొనేవాళ్ళు ఓనర్ల సంఘం బడ్జెట్ తప్పకుండా అడగాలి. ఐదేళ్ళ ఫీజుల చరిత్ర, పెద్ద మరమ్మతులకు దాచే రిజర్వ్ నిధిలో ఎంత ఉంది, పైకప్పు, లిఫ్టులు ఎప్పుడు మార్చారు, ఫీజు ఎగ్గొట్టిన ఓనర్లు ఎంతమంది. ఎగ్గొట్టేవాళ్ళు పెరిగితే వాళ్ళ వాటా మిగిలినవాళ్ళ బిల్లులో పడుతుంది, బిల్లు పెరిగితే ఇంకొందరు ఎగ్గొడతారు. రిజర్వ్ చాలకపోతే స్పెషల్ అసెస్‌మెంట్, అంటే ఓనర్లందరి మీదా అదనపు వసూలు, వేస్తారు, తప్పించుకోలేరు. 2022 సెప్టెంబరులో ఇయన్ తుపాను నైరుతి ఫ్లోరిడాను ఊడ్చేసింది. అలాంటి తీరంలో కొనేటప్పుడు ఇన్సూరెన్స్ డిడక్టిబుల్ (బీమా సొమ్ము రాకముందు సొంతంగా భరించాల్సిన మొత్తం) ఎంతో కూడా అడగాలి, ఎందుకంటే అది ఓనర్లే పంచుకోవాలి.

ఇంతకుముందే డెవలపర్ దగ్గర సంతకం పెట్టేసి ఇది చదువుతున్నవాళ్ళకు ఒక మాట. ఫ్లోరిడాలో 10 రోజుల లోపు రద్దు చేసుకునే హక్కు ఉంది, దాన్ని వదులుకున్నట్టు రాయించుకున్నా చెల్లదు. కాంట్రాక్టులో చెప్పిన చిరునామాకు, చెప్పిన పద్ధతిలోనే రాతపూర్వకంగా పంపండి, రసీదు దాచుకోండి. ఫోన్‌లో చెబితే లెక్కలోకి రాదు.

బయటపడే ఖర్చు కొనేరోజే వేసుకోవాలి. గడువు బాగా మిగిలిన డిస్నీ పాయింట్లకు కొనేవాళ్ళు దొరుకుతారు. మామూలు వారాలకు ఉచితంగా ఇస్తామన్నా దొరకని రోజులుంటాయి. అప్పుడు క్లోజింగ్ ఖర్చు, ఒక ఏడాది ఫీజు మనమే భరించి ఇవ్వాల్సి వస్తుంది. సొంత వాడకానికి కొన్నది నష్టానికి అమ్మితే ట్యాక్స్‌లో ఆ నష్టం చూపించుకోలేం, అద్దెకిస్తే వచ్చిన ఆదాయం మాత్రం చూపించాలి. ఇండియాకు తిరిగి వెళ్ళిపోయినా బిల్లు ఆగదు. కట్టడం మానేస్తే కలెక్షన్లకు, ఆపై ఫోర్‌క్లోజర్‌కు, అంటే హక్కు జప్తుకు, పోతుంది.

"మీ టైమ్‌షేర్‌కు కొనేవాడు సిద్ధంగా ఉన్నాడు, ముందు ఈ ఫీజు కట్టండి" అని ఫోన్ వస్తే పెట్టేయండి. మెక్సికోలో టైమ్‌షేర్ ఉన్నవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఈ మోసాలు నడిపే మెక్సికో నేరముఠా హలిస్కో కార్టెల్ మనుషుల మీద, కంపెనీల మీద అమెరికా ట్రెజరీ 2023లో ఆంక్షలు పెట్టింది. నిజమైన బ్రోకర్ కమీషన్‌ను క్లోజింగ్ రోజున, అమ్మకపు సొమ్ములోంచి తీసుకుంటాడు.

పిల్లల పేర్లు డీడ్‌లో ముందే చేర్చమని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. చేర్చొద్దు. పేరు ఉంటే ఫీజు బాధ్యతా వాళ్ళదే. పేరు లేకపోతే, వారసత్వంగా వచ్చినప్పుడు మాకు వద్దని రాష్ట్ర చట్టం ప్రకారం గడువులోగా రాసిచ్చి తప్పుకోవచ్చు. అయితే ఈలోగా ఆ వారం ఒక్కసారి వాడుకున్నా ఒప్పుకున్నట్టే అవుతుంది.